క్నూట్ రాక్నీ మొదటి యేడు

గొప్పవారి విజయములనే మనము లెక్కింతుము. వారి మొదటి యేటిని మరతుము. 1888లో నార్వేయందు జన్మించి, అయిదవయేట అమెరికా చేరిన క్నూట్ రాక్నీ, చికాగో తపాలా కచేరీలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో నోటర్ డేమ్ కళాశాలలో చదివెను. 1918లో అచటి అమెరికా ఫుట్‌బాలు జట్టునకు, అనగా బంతిని చేతబూని పరుగిడు ఆటకు, ప్రధాన శిక్షకుడయ్యెను.

ఆ యేడు యుద్ధము ఆటగాండ్రను గొనిపోయెను. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము అక్టోబరు పోటీలను మాన్పించెను. ఆడినవి 6 మాత్రమే: గెలుపులు 3, ఓటమి 1, సమములు 2. అయినను ఆయన చేపట్టిన పనిని విడువలేదు. మరుసటి యేడు ఆ జట్టు 9 పోటీలును గెలిచెను. 1931 మార్చి 31న కాన్సాస్‌లో విమానము కూలి మరణించునాటికి ఆయన గెలుపులు 105, ఓటములు 12.

ఒక్క ఓటమికే క్రుంగిపోవు మనము ఆ మొదటి యేటిని తలపోయుదుము గాక.