చార్లెస్ డార్విను – పగడపు దీవులు

పగడము నవరత్నములలో నొకటి. అది చూచుటకు రాయివలె నుండును గాని గనిలో పుట్టిన రాయి కాదు. సముద్రమున నివసించు చిన్న జీవులు తమ శరీరమునుండి స్రవింపజేసిన గట్టి పదార్థము. ఆభరణములకు వచ్చు ఎఱ్ఱ పగడము ఒక జాతిది. దానికి బంధువులైన మఱికొన్ని జాతులు వెచ్చని సముద్రములలో కోట్లకొలది గుంపుగూడి, నీటిలోని సున్నమును గ్రహించి, తరతరములుగా గూటిపై గూడు కట్టుచు, క్రోసుల పొడవున గోడలు లేపును. వీనినే పగడపు దిబ్బలనియు, ప్రవాళభిత్తికలనియు చెప్పుదురు. కొన్నిచోట్ల ఈ దిబ్బలు నడిసముద్రమున ఉంగరమువలె గుండ్రముగా నుండును. వెలుపల అగాధమైన నీలిసముద్రము. లోపల నిశ్చలమైన ఆకుపచ్చని మడుగు. ఇట్టి వలయమును అటోలు అందురు. మన దేశమునకు చెందిన లక్షదీవులలో పెక్కు ఇట్టివే. అంతటి లోతునుండి ఆ గోడ ఎట్లు లేచెను? దాని పునాది దేనిపై నున్నది? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానమును మొదట ఊహించినవాడు చార్లెస్ డార్విను. జీవపరిణామ సిద్ధాంతమును చెప్పినవాడుగా ఆతని పేరు లోకమంతయు నెఱుగును. పగడపు దీవులను గూర్చి ఆతడు అంతకు పూర్వమే వ్రాసిన గ్రంథము నెఱిగినవారు తక్కువ.

డార్విను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు పేరు పొందిన వైద్యుడు. తల్లి సుసన్నా ఆతని ఎనిమిదేండ్ల ప్రాయముననే మరణించెను. ఆనాటి పాఠశాలలో లాటిను, గ్రీకు భాషల పద్యములు వల్లించుటయే ముఖ్యమైన చదువు. డార్విను వానిని తెల్లవాఱి కంఠస్థము చేసి రెండు దినములలో మఱచిపోయెడివాడు. ఇంటి తోటలోని కొట్టమున అన్నతో కలిసి రసాయన ప్రయోగములు చేయుచుండెను. ఈ సంగతి తెలిసి ప్రధానోపాధ్యాయుడు పనికిరాని పనులలో కాలము గడపుచున్నాడని అందఱి యెదుట మందలించెను. తోటి బాలురు ఆతనికి గ్యాసు అని మాఱుపేరు పెట్టిరి. ఆ పాఠశాల పాతభవనము ముందఱనే 1897వ సంవత్సరమున డార్విను విగ్రహమును ప్రతిష్ఠించుట ఒక వింత.

పదునాఱవ యేట తండ్రి ఆతనిని వైద్యవిద్యకై ఎడింబరో నగరమునకు పంపెను. శస్త్రచికిత్సకు మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని రోజులవి. ఒక బిడ్డకు చేయుచున్న చికిత్సను చూడజాలక డార్విను గదినుండి పరుగెత్తి వెలుపలికి వచ్చెను. మరల ఆ వైపునకు పోలేదు. కాని ఎడింబరోలో ఆతనికి సముద్రముతో స్నేహము కలిగినది. పోటుపాటుల నడుమ బండల సందులలో నిలిచిన నీటిగుంటలను వెదకుచు, జాలరులతో పడవలలో పోవుచు, చిన్న జీవులను ఏరి తెచ్చి సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. ఫ్లస్ట్రా యను నాచువంటి సముద్రజీవికి గ్రుడ్లని అందఱు భావించినవి నిజమునకు గ్రుడ్లు కావనియు, తమంతట తాము కదలి ఈదు పిల్లజీవులనియు కనుగొని, 1827వ సంవత్సరము మార్చి నెలలో విద్యార్థుల సంఘమున చదివి వినిపించెను. అప్పటికాతని వయస్సు పదునెనిమిది.

వైద్యము అబ్బకపోగా తండ్రి ఆతనిని మతాచార్యునిగా చేయదలచి కేంబ్రిడ్జికి పంపెను. అక్కడ డార్విను పెంకుపురుగులు పట్టుటలో మునిగిపోయెను. ఒకనాడు రెండు చేతులలో రెండు అరుదైన పురుగులుండగా మూడవది కంటబడినది. దానిని విడువలేక చేతిలోని దానిని నోట వేసికొనెను. అది కారపు రసమును గ్రక్కగా నోరు మండి ఉమిసివేసెను; ఆ తొందరలో మూడవదియు తప్పించుకొనిపోయెను. అక్కడి వృక్షశాస్త్రాచార్యుడు హెన్‌స్లో ఈ విద్యార్థిని గుర్తించి చేరదీసెను. భూమిని చుట్టిరానున్న బీగిలు అను ఓడకు ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుడు కావలసియున్నాడని వర్తమానము రాగా ఆయన డార్విను పేరునే సూచించెను. తండ్రి మొదట ఒప్పుకొనలేదు. మేనమామ జోసయ్య వెడ్జివుడ్డు నచ్చచెప్పిన పిమ్మట అంగీకరించి వ్యయమును తానే భరించెను.

1831 డిసెంబరు 27వ తేదీన బీగిలు బయలుదేఱెను. అది తొంబది అడుగుల పొడవుగల చిన్న ఓడ. అలలకు ఓడ ఊగినంతసేపు డార్వినుకు వాంతులే. ఎండుద్రాక్ష తప్ప మఱేమియు ఇమిడెడిది కాదు. ప్రయాణము ఐదేండ్లు సాగినను ఈ జాడ్యము ఆతనిని విడువలేదు. ఓడ నాయకుడగు ఫిట్‌జ్రాయి ఆతనికి లయెల్ పండితుడు వ్రాసిన భూశాస్త్ర గ్రంథమును బహూకరించెను. భూమి రూపము ఒక్కసారిగాక, మెల్లమెల్లగా, కంటికి కనబడని మార్పులచే మారుచున్నదని ఆ గ్రంథము బోధించును. పగడపు వలయములను గూర్చి లయెల్ చెప్పినది వేఱు: నీట మునిగిన అగ్నిపర్వతముల నోటి అంచులపై పగడములు పెరుగుటచే అవి గుండ్రముగా నున్నవని ఆయన అభిప్రాయము. ఇది డార్వినుకు రుచింపలేదు. కొన్ని వలయములు పదుల మైళ్ల వెడల్పు గలవి. అంత పెద్ద అగ్నిముఖములు భూమిపై నెచట కలవు? అవియన్నియు నీటి మట్టమునకు సరిగా ఒకే లోతున ఎట్లుండగలవు?

1835 ఫిబ్రవరి 20వ తేదీన దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున గొప్ప భూకంపము కలిగెను. ఆ సమయమున డార్విను వల్దీవియా సమీపమున అడవిలో నేలపై పరుండి విశ్రమించుచుండెను. తరువాత కన్‌సెప్షన్ నగరమునకు పోయి చూడగా ఇండ్లన్నియు కూలియుండెను. సముద్రతీరమున బండలకంటిన ఆలుచిప్పలు నీటికి పైన నిలిచి క్రుళ్లుచుండెను. నేలయే కొన్ని అడుగులు పైకి లేచినదని ఫిట్‌జ్రాయి కొలిచి తేల్చెను. ఆండీసు పర్వతములపై వేల అడుగుల యెత్తున డార్విను సముద్రపు గవ్వలను కనుగొనెను.

సముద్రపు అడుగు నేలగా మాఱుట వినువారికి వింతగా తోచును. దీనికై ఆండీసు పర్వతములదాక పోనక్కఱలేదు. సూర్యాపేట చుట్టుపట్ల నున్నవి గ్రానైటు రాతిగుట్టలు. కోదాడనుండి దక్షిణమున మేళ్లచెర్వు వైపునకు గాని, మిర్యాలగూడనుండి వాడపల్లి వైపునకు గాని, కృష్ణానది దరికి పోవుకొలది నేల మాఱును. పలకలు పలకలుగా పేర్చినట్లు సున్నపురాయి కనబడును. అక్కడి సిమెంటు కర్మాగారములకు అదియే ఆధారము. ఆ రాయి కోట్లకొలది సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున పొరలుగా పేరుకొన్నది. నాటికి పగడపు జీవులు భూమిపై పుట్టనేలేదు గనుక అందులో పగడములు దొరకవు. పదార్థము మాత్రము రెంటను ఒక్కటియే: కాల్షియం కార్బొనేటు.

ఒకచోట నేల లేచుచున్నచో మఱియొకచోట సముద్రపు అడుగు క్రుంగుచుండవలెనని డార్విను తలపోసెను. ఈ తలంపునుండియే పగడపు దీవుల సిద్ధాంతము పుట్టినది. ఆశ్చర్యమేమన, అప్పటికాతడు నిజమైన పగడపు దిబ్బను కన్నులార చూచియుండలేదు. ఆ సిద్ధాంతమిది. నడిసముద్రమున ఒక అగ్నిపర్వతపు దీవి కలదు. దాని తీరమును అంటి పగడములు పెరుగును. దీవి మెల్లగా క్రుంగును. ఇసుకనేలలో బావికి ఒర దింపునపుడు ఒర క్రిందికి దిగుకొలది పనివారు పైన వరుసలు కట్టుచు పోదురుగదా! అట్లే దీవి దిగుకొలది పగడములు పైకి కట్టుచు, వెలుతురునకు చేరువగా నిలుచును. కొంతకాలమునకు దీవికిని దిబ్బకును నడుమ నీరు చేరి, దిబ్బ అడ్డుగోడవలె నగును. కడకు దీవి పూర్తిగా మునిగిపోగా నడుమ మడుగును, చుట్టు వలయమును మిగులును.

1835 నవంబరులో తహితి దీవిపై నొక కొండనెక్కి, ఎదుటనున్న దీవిని చుట్టియున్న తెల్లని నురుగు రేఖను చూచినపుడు తన ఊహ సరియైనదేయని ఆతనికి ధైర్యము కలిగెను. 1836 ఏప్రిల్ నెల మొదటి దినమున బీగిలు హిందూమహాసముద్రములోని కీలింగు దీవులను చేరెను. ఇది పూర్తి అటోలు. ఇక్కడ పన్నెండు దినములపాటు పరీక్షలు జరిగినవి. సీసపు గుండు అడుగున క్రొవ్వు పూసి త్రాటితో నీటిలోనికి దింపిరి. 10 బారల లోపు, అనగా 60 అడుగుల లోపు, గుండుపై సజీవమైన పగడముల గుర్తులే పడినవి. 20 బారలు దాటుకొలది ఇసుక అంటుకొనుట హెచ్చినది. తీరమునకు 2,200 గజముల దూరమున 7,200 అడుగుల త్రాడు దింపినను అడుగు తగులలేదు. పగడపు జీవులు లోతులో బ్రతుకవు. కాని వాని గోడ అగాధమునుండి లేచియున్నది. నేల క్రుంగినదనక తప్పదు.

పగడపు జీవులు లోతులో ఏల బ్రతుకవో క్రొవ్వు పూసిన గుండు చెప్పలేదు. దాని కారణము తరువాతివారికి తెలిసినది. పగడపు జీవి శరీరములో కంటికి కనబడని శైవలములు నివసించును. 1881వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ వీనికి జూక్సాంథెల్లా అని పేరు పెట్టెను. ఇవి సూర్యకాంతితో ఆహారమును తయారుచేసి అందులో చాల భాగము పగడమునకు ఇచ్చును. పగడము వీనికి నివాసమును, తన శరీరమునుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును, నత్రజని పదార్థములను ఇచ్చును. ఇదియే సహజీవనము. వెలుతురు లేనిచోట శైవలములు పనిచేయవు గనుక దిబ్బలు కట్టు పగడములు లోతునకు పోవు. ఈ ఇచ్చిపుచ్చుకొనుటను శాస్త్రజ్ఞులు ఐసోటోపుల లెక్కతో పరిశీలించిరి. కర్బనములో 12, 13 అను భారములు గల రెండు స్థిరమైన రకములు కలవు. ఆహారమునుబట్టి వాని పాలు కొంచెము మాఱుచుండుటచే అది ఆహారపు చిరునామావంటిది. జమైకా దీవి దిబ్బలపై చేసిన పరిశోధన 1989లో వెలువడినది. లోతు తక్కువచోట పగడపు మాంసములోని పాలు శైవలముల పాలును పోలియుండెను; లోతు పెరుగుకొలది సముద్రమున తేలు ఆహారపు పాలునకు దగ్గఱగుచుండెను. నీరు మితిమీఱి వేడెక్కినపుడు శైవలములు పగడమును విడిచిపోవును. పగడము తెల్లబడి, ఆ వేడి చాలకాలము నిలిచినచో చనిపోవును. 1998లో లక్షదీవులలో ఇట్లే జరిగినది.

1836 అక్టోబరు 2వ తేదీన డార్విను స్వదేశమును చేరెను. ఆతని వాదమును వినిన లయెల్ పండితుడు తన పాత అభిప్రాయమును సంతోషముతో విడిచిపెట్టెను. పెద్దపేరున్న పండితుడు ఇరువదెనిమిదేండ్ల యువకుని మాటకు తన గ్రంథములోని మాటను మార్చుకొనుట తఱచుగా జరుగునది కాదు. 1837 మే 31వ తేదీన భూశాస్త్ర సంఘమున డార్విను తన వ్యాసమును చదివెను. 1839లో మేనమామ కుమార్తె ఎమ్మాను వివాహమాడెను. తఱచు రోగపీడితుడగుచు, ఇరువది నెలలు శ్రమించి వ్రాసిన పగడపు దిబ్బల గ్రంథము 1842లో వెలువడెను. ప్రపంచపటముపై అటోలులకు నీలిరంగును, తీరమునంటిన దిబ్బలకు ఎఱుపును పూసి, ఎక్కడెక్కడ సముద్రపు అడుగు క్రుంగినదో అందులో చూపెను.

ఆ యేడే ఆతడు లండను విడిచి డౌను గ్రామమున స్థిరపడెను. 1851లో ప్రియమైన కుమార్తె ఆనీ పదియేండ్ల వయస్సున మరణించుట ఆతనికి తీరని దుఃఖమైనది. 1859 నవంబరులో జీవజాతుల ఉత్పత్తిని గూర్చిన గ్రంథము ప్రకటింపబడి లోకమున పెద్ద కలకలము రేపెను. దాని కథ వేఱుగా చదువదగినది.

పగడపు దీవుల వాదము మాత్రము ముగియలేదు. ఛాలెంజరు ఓడలో సముద్రములు శోధించి వచ్చిన జాన్ మఱ్ఱే 1880లో దానిని ఎదిరించెను. చనిపోయిన సూక్ష్మజీవుల చిప్పలు పేరుకొని సముద్రగర్భపు గుట్టలు ఎత్తు పెరుగుననియు, వానిపై పగడములు మొలచుననియు, నేల క్రుంగనక్కఱలేదనియు ఆయన వాదము. అమెరికా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండరు అగాసిజ్ కూడ డార్విను సిద్ధాంతమును అంగీకరింపలేదు. డార్విను వృద్ధుడై యుండెను. ఆతడు కోపగింపలేదు, తన వాదమును పరీక్షించు మార్గమును తానే చెప్పెను. 1881లో అగాసిజ్‌కు జాబు వ్రాయుచు, ధనవంతుడెవడైనను పూనుకొని అటోలులలో ఐదాఱు వందల అడుగులు బెజ్జము తొలిపించి లోపలి రాతిని తెప్పించిన బాగుండునని కోరెను. అడుగున పగడమే వచ్చినచో తన మాట నిలుచును. గుట్టరాయి తగిలినచో పడిపోవును. ఆ కోరిక తీరకుండనే 1882 ఏప్రిల్ 19వ తేదీన మరణించెను. ఆతని దేహమును వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి చేసిరి.

1896 మొదలు 1898 వఱకు లండను రాయల్ సొసైటీ వారు పసిఫిక్ సముద్రములోని ఫునాఫుతి అటోలును తొలిపించిరి. యంత్రములు విఱిగినవి, ఇసుక కూలినది. మరల మరల పూనుకొని 1,114 అడుగుల లోతునకు పోయిరి. అంతవఱకు వచ్చినది సున్నపు పదార్థమే. పునాది తగులలేదు. ఇరుపక్షములవారును తమతమ పట్టును విడువలేదు. అర్ధశతాబ్దము గడచిన తరువాత, 1952లో, అమెరికా శాస్త్రజ్ఞులు ఎనివెటాక్ అటోలులో రెండు లోతైన బెజ్జములు వేసిరి. వేయి, రెండువేలు, మూడువేల అడుగులు దాటినను లోతులేని నీటిలో బ్రతికిన జీవుల అవశేషములే పైకి వచ్చుచుండెను. నాలుగువేల అడుగులు దాటిన పిదప మొదటిసారిగా నల్లని రాయి తగిలినది. పరీక్షించి చూడగా అది బసాల్టు. ఏనాడో మునిగిపోయిన అగ్నిపర్వతము యొక్క శిఖరము.