బొటనవేలు అడగని గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

సాయంత్రం బడి విడిచాక ఆత్మకూర్ గ్రౌండ్ కాడికి పోతే హాస్టల్ పిల్లలు ఆడుతూ కనిపిస్తారు. పిల్లలు ఇరవై మంది, బంతి ఒక్కటే. సగం మంది కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. వాళ్ల దగ్గర కూర్చొని, ఆటలు నేర్పే గురువుల్లో మీకెవరు తెలుసని అడిగాం. టీవీలో కనిపించే క్రికెట్ పేర్లు రెండు మూడు చెప్పి ఆగిపోయారు. నిజాం కాలంలో ఈ ఆత్మకూర్ అమరచింత సంస్థానానికి కేంద్రం, హైదరాబాద్ రాజ్యంలో ఒక మూల. ఆ హైదరాబాద్‌లోనే ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన తయారు చేసిన పోలీసు జట్టు దేశంలోని పెద్ద పెద్ద క్లబ్బులను ఓడించింది. ఆయన నడిపించిన భారత జట్టు రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. మా చిన్నప్పుడు ఈ పేరు మాకూ ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో ఆటల శిక్షకులకు ఇచ్చే పెద్ద అవార్డు 1985లో మొదలైంది. దానికి ద్రోణాచార్యుడి పేరు పెట్టారు. దూరం నుంచే విద్య నేర్చుకున్న నిషాద పిల్లవాడు ఏకలవ్యుడి కుడిచేతి బొటనవేలును దక్షిణగా అడిగిన గురువు ఆయన. ఏటా ఆ అవార్డు ప్రకటించినప్పుడల్లా మాకు ఆ తెగిన వేలు గుర్తొస్తుంది. పిల్లవాడికి ఉన్న బలాన్ని తీసేసుకున్న గురువు పేరు నిలిచింది. పిల్లవాడికి లేని బలాన్ని ఇచ్చిన గురువు పేరు మరుగున పడింది. రహీం సాబ్ బతుకు గురించి చెప్పాలని మాకు అనిపించింది అందుకే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల వైపు పూర్తిగా మళ్లారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఎన్ని పదవులు వచ్చినా ఆయన పనితీరు పంతులుదే. వెనక బెంచీ పిల్లవాడికి పాఠం అర్థమైతేనే క్లాసుకు అర్థమైనట్టని నమ్మే పంతులు తీరు అది.

ఆయన పెట్టిన పోటీలు చూస్తే ఇది తెలుస్తుంది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో ఆడాలి. ఎత్తు తక్కువున్న పిల్లలకు వేరే పోటీలు పెట్టారు. పొడుగు పిల్లల పక్కన నిలబడితే ఎవరి కంటా పడని పొట్టి పిల్లవాడి ఆట అక్కడ బయటపడేది. బంతిని కాలి దగ్గర ఉంచుకొని ఒక్కడే ఉరకడానికి వీల్లేని మ్యాచ్‌లు కూడా ఆడించారు. బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి ఇవ్వాలి, ఇచ్చిన వెంటనే ఖాళీ చోటికి పోవాలి. ఒక్కడి మెరుపు కంటే పదకొండు మంది కలిసి కదలడం ముఖ్యమని మాటలతో కాక ఆటతోనే నేర్పారు.

ఈ చదువు ఫలితం దేశానికి తెలిసింది 1950లో. ఆ ఏటి గెలుపు విలువ తెలియాలంటే రెండేళ్లు వెనక్కి పోవాలి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. నిజాం పాలన పోయింది, రజాకార్ల ఆగడాలు ఆగాయి. ఆ వెంటనే చాలా జిల్లాల్లో సామాన్య ముస్లింల మీద హత్యలు, దోపిడీలు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ వాటిని నమోదు చేసింది. పాత రాజ్యంలో కొలువు చేసిన ముస్లిం కుటుంబాలు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఊళ్లో ఉండాలో పోవాలో తెలియక బతికిన రోజులవి. అలాంటి హైదరాబాద్ నుంచి, ఎక్కువ మంది ముస్లిం ఆటగాళ్లతో, ఒక పోలీసు జట్టు రైలెక్కి బొంబాయి పోయింది.

అప్పటి ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ పేర్లే పత్రికల్లో నిండి ఉండేవి. బొంబాయిలో 1891 నుంచి జరుగుతున్న రోవర్స్ కప్, 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్ దేశంలోని పాత పోటీలు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. యుద్ధం వల్ల, దేశ విభజన వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ కప్ అదే ఏడాది ఢిల్లీలో మళ్లీ మొదలైంది. ఫైనల్లో సిటీ పోలీస్‌కు ఎదురు నిలిచింది మోహన్ బగాన్. ఆ కప్పు కూడా హైదరాబాద్‌కే వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు పెద్ద కప్పులు గెలిచిన ఆ జట్టు వెనక ఉన్నది ఒక బడిపంతులు.

అది గాలివాటం గెలుపు కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ దాటి పోలేదు. డ్యూరాండ్ కప్ 1954లో, 1957లో మళ్లీ వచ్చింది. 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో ఆడి మరోసారి మోహన్ బగాన్‌ను ఫైనల్లో ఓడించారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్లు ఈ జట్టు నుంచే భారత జట్టులోకి, ఒలింపిక్స్‌కు పోయారు.

ఇక్కడ రెండు మాటలు దాచకుండా చెప్పాలి. రహీం దళితుడు కాదు. పేరు ముందున్న సయ్యద్ ముస్లింలలో పై మెట్టును సూచించే మాట. సిటీ పోలీస్‌ను దళిత జట్టని మేము అనడం లేదు. రెండోది, అది పోలీసు జట్టు. వాళ్లు కప్పులు గెలుస్తున్న 1950లోనే నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. ఆ పల్లెల్లో ఖాకీ బట్ట కనిపిస్తే కూలీల గుండెలు దడదడలాడేవి. ఈ చేదును మరిచి కప్పుల గురించి మురిసిపోలేం. అయినా ఆ యూనిఫాం పేద ఇంటి పిల్లవాడికి నెల జీతం, రెండు పూటలా తిండి, కాలికి బూటు ఇచ్చింది. ఆటలో పైకి రావడానికి వాళ్లకు దొరికిన దారి అదే.

బూటు అనగానే తులసీదాస్ బలరామ్ గుర్తొస్తారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళం మాట్లాడే పేద కుటుంబంలో పుట్టారాయన. ఫుట్‌బాల్ బూట్లు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఒకాయన చేత రెండు రూపాయలకు బూట్లు చేయించుకున్న సంగతిని బలరామ్ పెద్దయ్యాక గుర్తు చేసుకునేవారు. ఆ ఆట రహీం కంట పడింది. నగరంలో శిక్షణకు రమ్మంటే అంత దూరం రావడానికి పిల్లవాడి దగ్గర డబ్బు లేదు. రహీం సైకిల్ ఏర్పాటు చేశారు. ఆ సైకిల్ మీద వచ్చిన బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు. ఆ రెండు రూపాయల బూట్లు కుట్టిన మనిషి పేరు మాత్రం ఏ రికార్డులోనూ లేదు. తోలును శుద్ధి చేసి, కోసి, కుట్టి ఈ దేశం కాళ్లకు తొడిగిన చేతులు ఎవరివో మనకు తెలుసు. కాబట్టి ఆ గెలుపులో మనకూ వాటా ఉంది.

రహీం భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం సాధించారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటి తేడాతో ఘోరంగా ఓడిపోయారు. మన వాళ్లలో కొందరు అప్పటికీ వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ ఓటమి నుంచి ఆయన నేర్చుకున్నారు. ఆటగాళ్లు నిలబడే వరుసలు మార్చారు, చిన్న పాసులకు పదును పెట్టారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా మీద ఓడినా నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ అంతకు మించి పోలేదు.

ఆ మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనే ఆస్ట్రేలియా వాళ్లు తమ సొంత ఫుట్‌బాల్‌ను ప్రపంచానికి ఆడి చూపించారు. కోడిగుడ్డు ఆకారం బంతితో, చేతులు, కాళ్లు రెండూ వాడి ఆడే ఆట అది. ఆ ఆటలో పేరున్న ఆదివాసీ ఆటగాడు డగ్ నికోల్స్ అప్పుడు ఆ నగరంలోనే పాస్టర్‌గా పనిచేస్తున్నారు. 1927లో కార్ల్‌టన్ అనే పెద్ద క్లబ్బులో ఆడాలని పోతే, నల్లని ఒంటికి మాలిష్ చేయడానికి అక్కడి శిక్షణ సిబ్బంది ఒప్పుకోలేదు. ఆయన నార్త్‌కోట్ క్లబ్బుకు మారారు, 1929లో ఆ క్లబ్బు చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఉన్నారు. తర్వాత తన జనం హక్కుల కోసం పోరాడి 1976లో దక్షిణ ఆస్ట్రేలియాకు గవర్నర్ అయ్యారు. ముట్టుకోవడానికి నిరాకరించే రోగం ఒక్క మన ఊళ్లదే కాదు. తలుపు తెరిచిన ఒక్క జట్టు ఉంటే మనిషి ఎంత దూరం పోగలడో కూడా ఆయన బతుకు చెబుతుంది.

రహీం చివరి పోరాటం 1962లో జకార్తాలో జరిగింది. అప్పటికే ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడాన్ని మన దేశ అధికారి ఒకరు తప్పుపట్టడంతో అక్కడి జనం భారత జట్టు మీద మండిపడ్డారు. స్టేడియం నిండా అరుపుల మధ్య సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు. ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఆయన వయసు 53.

ఆయన పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తును అందుకోలేదు. ఆయన గురించి హిందీలో సినిమా రావడానికి 2024 దాకా పట్టింది. సినిమా చూసి చప్పట్లు కొట్టడం తేలిక. ఎడమకాలి పోటీ పెట్టే పంతులు ప్రతి సర్కారు బడిలో, ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ హాస్టల్‌లో ఉండాలని కొట్లాడడం కష్టం. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో మరో రహీం దొరకడు. ఆడుకునే జాగా కబ్జా అయిన ఊళ్లో మరో బలరామ్ కనిపించడు. చదువుకునే మన పిల్లలు మెస్ చార్జీల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి అడిగేటప్పుడు గ్రౌండ్ గురించి, పంతులు గురించి కూడా అదే గొంతుతో అడగాలి. ఆట మిగులు సమయంలో చేసే పని కాదు, అదీ హక్కే.

ఆత్మకూర్ పిల్లలకు మేము ఆ సాయంత్రం రహీం సాబ్ కథ చెప్పాం. చీకటి పడుతుంటే లేచి మళ్లీ ఆడటం మొదలుపెట్టారు. ఈసారి అందరూ ఎడమకాలితోనే. బంతి ఎటు తన్నితే ఎటో పోతోంది, పడిపోతున్నారు, నవ్వుకుంటున్నారు. ఆటలో ఎప్పుడూ వెనక ఉండే ఒక చిన్నవాడిది ఎడమకాలి వాటమట. ఆ పూట మొదటి గోల్ వాడే కొట్టాడు.