మొలొకాయి ద్వీపమున ఫాదర్ డేమియన్

బెల్జియం దేశమందలి ట్రెమెలో గ్రామమున 1840 జనవరి 3వ తేదీన ఒక కర్షక కుటుంబములో జోసెఫ్ డి వూస్టర్ జన్మించెను. కుమారుని ధాన్యవ్యాపారమున నిలుపవలెనని తండ్రి తలపు. కాని అతడు అన్నగారి వెంట మఠము చేరి డేమియన్ అను నామము గ్రహించెను. హవాయి దీవులకు పోవలసిన అన్న 1863లో జ్వరపీడితుడై మంచము పట్టగా, ఆ స్థానమున తన్ను పంపుమని డేమియన్ స్థానికుల అనుమతి లేకయే పారిస్‌లోని మఠాధిపతికి లేఖ వ్రాసెను. ఆ మొండితనము తుదివరకు ఆయనను విడువలేదు.

హవాయి ప్రభుత్వము 1866 నుండి కుష్ఠురోగులను మొలొకాయి ద్వీపమందలి కలవుపాపాకు పంపివేయుచుండెను. మూడు దిక్కుల సముద్రము. నాలుగవ దిక్కున సుమారు 2,000 అడుగుల కొండగోడ. బిడ్డలను విడిచిన తల్లులు, భార్యలను విడిచిన భర్తలు అచ్చట దినములు లెక్కించుచుండిరి. నలుగురు గురువులు వంతులవారీగా వారికి సేవ చేయవలెనని ఏర్పాటు జరిగెను. మొదటి వంతు డేమియన్‌ది. 1873 మే 10వ తేదీన ఆయన అచ్చట అడుగిడెను. ఆ వంతు మరి ముగియలేదు.

రోగులను తాకవలదని పెద్దలు హెచ్చరించియుండిరి. ఆయన దేహమును అదే చెప్పెను. క్రుళ్ళిన పుండ్ల దుర్గంధమునకు తాళలేక గుడిసెలనుండి వెలుపలికి పరుగెత్తిన దినములు కలవు. ఆ వాసన మరుగుపడుటకై పొగగొట్టము కాల్చుట మరిగెను. కొందరు చరిత్రకారులు ఈ సంగతిని దాటవేయుదురు. అది ఆయనకు చేయు మేలు కాదు. హవాయివాసులు చేమదుంపల ముద్దను ఒకే పాత్రనుండి వ్రేళ్ళతో తిందురు. ఆ పాత్రయొద్ద కూర్చుండనివాడు వారికి పరాయివాడు. డేమియన్ కూర్చుండెను. పుండ్లు కడిగి కట్లు కట్టెను. తొలి సంవత్సరముననే, తాను ఆరోగ్యవంతుడై యుండగనే, ప్రసంగములలో తన్ను కూడ కుష్ఠురోగులలో చేర్చి పలుకసాగెను.

ఇండ్లు కట్టెను, మంచినీటికి గొట్టములు వేయించెను, శవపేటికలు స్వహస్తములతో చేసి గోతులు త్రవ్వెను. ఒకమారు మఠపు పెద్ద ఓడలో రాగా, దిగుటకు ఆయనకును, ఎక్కుటకు డేమియన్‌కును అనుమతి లేకపోయెను. డేమియన్ పడవలో నిలిచి, పైనున్నవారందరు వినుచుండగా తన పాపములను బిగ్గరగా ఒప్పుకొనెను.

రోగులయెడ అంతటి ఓర్పు అలవరచుకొన్నవానికి సాటివారియెడ ఓర్పు అంత సులభముగా రాలేదు. సహాయమునకు వచ్చిన గురువులతో కలహించెను. కలపకును, వస్త్రములకును పోరి ఆరోగ్యశాఖాధికారులను విసిగించెను. పుండును ప్రేమించుటకంటె సమానుని ప్రేమించుట ఆయనకు కష్టమైనట్లున్నది. అయినను, 1886లో వచ్చిన జోసెఫ్ డటన్ అను అమెరికన్ సైనికునితో మాత్రము చక్కగా పొసగెను.

1884 డిసెంబరులో సలసల కాగిన నీటిలో పాదము మోపగా బొబ్బలెక్కెనే కాని నొప్పి తెలియలేదు. రోగము తన్ను చేరినదని ఆయన గ్రహించెను. ఆ వ్యాధి కారకమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనియుండినను, తగిన ఔషధము కలవుపాపా చేరుటకు 1946 వరకు పట్టెను. 1889 ఏప్రిల్ 15న, 49వ యేట డేమియన్ మరణించెను. ద్వీపమున తొలి రాత్రులు తాను పరుండిన మొగలిచెట్టు క్రిందనే ఆయనను పూడ్చిరి.

ఆయన మురికివాడు, మొరటువాడు అని హొనొలూలూలోని ఒక మతబోధకుడు వ్రాసిన జాబు అచ్చుకాగా, రచయిత స్టీవెన్‌సన్ 1890లో ఘాటుగా బదులిచ్చెను. ఆ మొరటుతనమును ఆయన కాదనలేదు. ఆ మనిషి చేసిన పనిని ముందుంచెను. 1936లో బెల్జియం ప్రభుత్వము డేమియన్ దేహమును స్వదేశమునకు తరలించెను. కలవుపాపావాసులు చింతిల్లిరి. 1995లో ఆయన కుడిచేతి అస్థికలు మాత్రము తిరిగి వచ్చి, మొదటి సమాధిలోనే చేరినవి.