కాఫీ దాచే లెక్క: యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడితే మన హాస్టళ్లలో ఎక్కువగా వినపడే మాట నైటౌట్. దానితో పాటే కాఫీ. కొందరు ఫిల్టర్ కాఫీ, కొందరు సాషే చింపి వేడినీళ్లలో కలుపుకునే రకం, ఇంకొందరు ఎనర్జీ డ్రింక్ డబ్బాలు. మా పక్క ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని కాపీ అనే అంటారు. పేరు ఏదైనా అందరి నమ్మకం ఒకటే: అది తాగితే శక్తి వస్తుందని. ఆ శక్తి అసలు ఎక్కడి నుంచి వస్తుందో వెతుకుతూ పోతే నాకు ఒక తెలుగాయన దొరికారు. ఆయన కాఫీ మీద పరిశోధన చేయలేదు. కానీ కాఫీ మనల్ని ఎట్లా మేల్కొల్పుతుందో అర్థం కావాలంటే ఆయన కనిపెట్టినదాని దగ్గరే మొదలుపెట్టాలి. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చిన్నప్పుడు చదువు వదిలేసి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడని, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చారని ఆయన జీవితచరిత్రల్లో చెబుతారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది, మూడోసారి గట్టెక్కారు. బ్యాక్‌లాగ్ అంటే జీవితం అయిపోయినట్టే అనుకునే మనకు ఈ ఒక్క విషయం చాలా ధైర్యం ఇస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్లు కూడా వైద్యం చదివి సేవ చేయమన్నారట. అట్లా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌనే వేసుకునేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులు ఇద్దరినీ తీసుకుపోయింది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, మనిషి రక్తం లేక పాలిపోయి నీరసించిపోతాడు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికారు. ఆ తర్వాత కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1920ల మొదట్లో బోస్టన్ ఓడెక్కారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనేలేదు.

హార్వర్డ్‌లో చేరారు కానీ చేతిలో పైసా లేదు. పగలు చదువు, రాత్రి ఒక ఆస్పత్రిలో పోర్టర్ పని. రోగుల మలమూత్రాల గిన్నెలు కడగడం కూడా అందులో భాగమే. ఆ రోజుల్లోనే సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీ ల్యాబులో కుదిరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఈనాటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు.

కొలిచే పనిముట్టు చేతికి రావడంతో అసలు కథ మొదలైంది. అప్పటిదాకా కండరం కదలడానికి మూలం లాక్టిక్ ఆమ్లమే అనుకునేవారు. కండరాల మీద చేసిన పనికి హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు కండరంలోని ఫాస్ఫరస్‌ను వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. దాంతో పాత లెక్క మారిపోయింది.

ఏటీపీ అనే మూడక్షరాలు పదో తరగతిలో అందరం చదివే ఉంటాం. అలిపిరి దగ్గర నిలబడి ఆలోచిస్తే అది ఇంకా బాగా అర్థమవుతుంది. 3,550 మెట్లు. కుర్రతనం కొద్దీ మొదటి మెట్లు పరుగెత్తి ఎక్కుతాం. ఆ పది సెకన్ల ఊపు ఫాస్ఫోక్రియాటిన్‌ది. అది అయిపోయాక, గాలిగోపురం దాకా ఆయాసపడుతూ ఎక్కేటప్పుడు, తిన్న తిండి నుంచి, పీల్చిన గాలి నుంచి శరీరం ఏటీపీని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూ పోతుంది. మెట్టు ఎక్కినా, కోడ్ రాసినా, కనురెప్ప వాల్చినా ఖర్చయ్యేది ఏటీపీనే.

ఇక్కడే కాఫీ వస్తుంది. ఏటీపీ ఖర్చయ్యే కొద్దీ ఒక్కో ఫాస్ఫేటు విడిపోయి చివరికి అడెనోసిన్ మిగులుతుంది. మనం మేల్కొని ఉన్న ప్రతి గంటా మెదడులో అది పోగవుతూ ఉంటుంది. మెదడు కణాల మీద దానికోసమే ఉన్న రిసెప్టర్లకు అతుక్కుని, ఇక చాలు పడుకో అని చెబుతుంది. మనం నిద్రమత్తు అనేది చాలావరకు ఇదే. ఈ సంగతులు సుబ్బారావు గారి తర్వాత దశాబ్దాలకు తేలాయి. కెఫీన్‌ను మాత్రం జర్మనీ రసాయన శాస్త్రవేత్త రుంగె 1819లోనే కాఫీ గింజల నుంచి విడదీశాడు. కెఫీన్‌కూ అడెనోసిన్‌కూ లోపలి నిర్మాణంలో పోలిక ఉంది, రెండింటిలోనూ ప్యూరిన్ వలయమే. అందుకే కెఫీన్ పోయి ఆ రిసెప్టర్లలో కూర్చుంటుంది, కానీ పడుకో అనే మాట మాత్రం చెప్పదు. ఫోన్‌లో నోటిఫికేషన్లు మ్యూట్ చేసినట్టన్నమాట. మెసేజ్‌లు రావడం ఆగదు, మనకు వినపడవంతే. కెఫీన్ తగ్గాక పోగైన అడెనోసిన్ అంతా ఒక్కసారి మీద పడుతుంది. అంటే కాఫీ శక్తి ఇవ్వడం లేదు. ఖర్చు లెక్కను కాసేపు దాచిపెడుతోంది.

కొన్ని అంకెలు మనకు పనికొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ పర్వాలేదని, గర్భిణులు 200 దాటకూడదని అంటారు. ఒక పెద్ద కప్పు కాఫీలో సుమారు 80 నుంచి 100 ఉంటుంది. మన ఫిల్టర్ కాఫీలో డికాషన్ చిక్కదనాన్ని బట్టి, పొడిలో కలిపిన చికోరీని బట్టి మారుతుంది, చికోరీలో కెఫీన్ ఉండదు. మన దేశంలో నియమం ప్రకారం ఎనర్జీ డ్రింక్‌లో లీటరుకు 300 మించకూడదు, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాకు 75. ఒంట్లో చేరిన కెఫీన్ సగం కావడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగిన 100లో రాత్రి 11కి 50, తెల్లవారుజామున 4కి 25 ఇంకా ఉంటాయి. పెద్ద మోతాదు, 400 మిల్లీగ్రాములు, నిద్రకు 6 గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగితే భయపడాల్సిందేమీ లేదు. అర్ధరాత్రి మూడోది, నాలుగోదే పరీక్ష హాల్లో మనల్ని దెబ్బతీసేది.

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్‌కు వెళ్లారు. ఆ తర్వాత 8 ఏళ్లలో ఆయన బృందాల నుంచి వచ్చినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేశారు. అది స్ప్రూకు మందుగా పనిచేసింది. తన సోదరుల్ని మింగిన జబ్బుకు ఆయన ల్యాబు నుంచే మందు వచ్చింది, వాళ్లు పోయిన పాతికేళ్ల తర్వాత.

ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి ఒకటి ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఇక్కడ కూడా కాఫీ, టీలతో ఒక చిక్కుంది. భోజనంతో పాటు తాగితే వాటిలోని పాలీఫినాల్స్ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న అమ్మాయిలు మెస్‌లో తినగానే కాఫీ తాగకుండా కనీసం గంట ఆగితే మంచిది.

ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గడం చూపించాడు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆస్పత్రుల్లో వాడుతున్నారు. బోదకాలుకు మన రాష్ట్రంలో ఊరూరా పంచిన డీఈసీ మాత్ర కూడా లెడర్లీ నుంచే, హెట్రజన్ పేరుతో వచ్చింది. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండె ఆగి చనిపోయారు. అప్పటికి 53 ఏళ్లు. ఇండియాకు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు, శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. భీమవరం దాటితే ఆయన పేరు ఎంతమందికి తెలుసో మన క్లాసులోనే అడిగి చూడండి.

ఆయన జీవితం చదివాక నేను సాయంత్రం 4 తర్వాత కాఫీ మానేశాను. మందులు కనిపెట్టడం మన చేతిలో లేకపోవచ్చు, కంప్యూటర్ సైన్స్ వాళ్లం. కనీసం ఏటీపీ అని రాసేటప్పుడు పక్కన ఆ పేరు గుర్తు తెచ్చుకుందాం. రాత్రి పన్నెండింటికి కళ్లు మూతలు పడుతుంటే ఇంకో కప్పు కలపకుండా పుస్తకం మూసి పడుకుందాం.