గ్యారెట్ మోర్గన్

ఉద్దానపు కొబ్బరితోటల సీమలో జుట్టును మెత్తపరచునది కొబ్బరినూనె. వంకీల జుట్టును రసాయనముతో తిన్నగా చేయు విధానము మాత్రము అమెరికాలో, కుట్టుయంత్రముల నడుమ పుట్టినదని ప్రతీతి.

దానిని కనుగొన్న గ్యారెట్ మోర్గన్ 1877లో కెంటకీ రాష్ట్రమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. ప్రాథమిక విద్యతోనే చదువు ముగిసినది. 1909 ప్రాంతమున క్లీవ్‌లాండులో, సూది వేడికి ఉన్నిబట్ట కమలకుండ ఒక ద్రవమును కూర్చుచుండగా, అది బట్ట నూగును తిన్నగా చేయుట గమనించెను. వెంటనే అమ్మజూపక, మొదట పొరుగింటి కుక్క రోమములపైనను, పిదప కొంచెము కొంచెముగా తన తలపైనను పరీక్షించెను.

పొగనుండి కాపాడు ముసుగు విషయమునను ఇదే తీరు. 1916లో ఈరీ సరస్సు క్రింది సొరంగమున పేలుడు సంభవింపగా, దానిని తానే ధరించి లోనికి దిగి మనుష్యులను వెలికి తెచ్చెను. నల్లవాడగుటచే తగిన మన్నన నాడు దక్కలేదు. 1963లో మరణించెను.

జుట్టును తిన్నగా చేయు రసాయనములు చర్మమును కాల్చగలవు. కనుక ముందుగా ఒక పాయపై పరీక్షించుట నేటికిని మొదటి నియమము. మోర్గన్ దానిని తన తలపైననే పాటించి చూపెను.