దుర్గశిల్పి వోబాన్

ఫ్రాన్సు తూర్పు సరిహద్దున, రైను నదికి సమీపమున, నెఫ్-బ్రిసాక్ అను చిన్న పట్టణము కలదు. చిత్రపటములో చూచినచో నేలపై పరచిన నక్షత్రమువలె కన్పించును. చుట్టును ఎనిమిది మూలల కోట, లోతైన కందకములు. నడుమ గీత గీచినట్లు సూటియైన వీధులు. ఈ ఊరు తనంతట పెరిగినది కాదు. 1697లో జరిగిన రిస్విక్ సంధి ప్రకారము పదునాలుగవ లూయీ రాజు నదికి ఆవలి యొడ్డున నున్న పాత బ్రిసాక్ కోటను వదలుకొనవలసి వచ్చెను. ఆ లోటు తీర్చుటకై ఈవలి వైపున క్రొత్త కోట నిర్మించు భారము సెబాస్టియన్ వోబాన్‌పై పడెను. అప్పటి కాతనికి 65 ఏండ్లు.

వోబాన్ 1633లో బర్గండీ ప్రాంతమున నొక పల్లెలో జన్మించెను. వంశము గొప్పదే గాని సంపద లేదు. తొలియౌవనమున రాజుపై తిరుగబడిన కాండే ప్రభువు సైన్యములో చేరి, 1653లో రాజసైనికులకు పట్టుబడెను. మంత్రి మజారిన్ ఆతనిని శిక్షింపక తమ కొలువునకు త్రిప్పుకొనెను. రెండేండ్లకే ఆతడు రాజుగారి ఇంజనీరయ్యెను.

ఆ కాలమున కోటను ముట్టడించుట యన్న సైనికులను మృత్యుముఖమున కంపుటయే. ఇరుకైన కందకములగుండ ముందుకు సాగువారు కోటపైనుండి కురియు గుండ్లకు గుంపులుగా కూలుచుండిరి. 1673లో మాస్ట్రిక్టు ముట్టడియందు వోబాన్ వేరొక మార్గము చూపెను. కోటకు సమాంతరముగా, ఒకదాని ముందొకటిగా, మూడు పొడవైన కందకములు త్రవ్వించి, వానిని వంకరటింకర త్రోవలతో కలిపెను. సైనికులు వానిచాటున క్రమక్రమముగా గోడను సమీపించిరి. రెండు వారములలోపలనే నగరము స్వాధీనమయ్యెను. పౌరుషము చూపుటకు తొందరపడు సేనానులకు ఈ పార పలుగుల యుద్ధము రుచింపలేదు. కాని ఆతనికి కావలసినది కోట దక్కుట, మనుష్యులు మిగులుట. జీవితములో సుమారు 50 ముట్టడులు నడపిన వాని మాట కాదనగలవా రెవరు?

నెఫ్-బ్రిసాక్ పని 1699లో ప్రారంభమయ్యెను. రాళ్ళు తెచ్చుటకే ఒక కాలువ త్రవ్వించిరి. వెలుపలి వరుస శత్రువుల వశమైనను లోపలి గోడ నిలిచి పోరాడునట్లు కోటను రెండు వరుసలుగా రచించెను. 1703లో వోబాన్ ఫ్రాన్సు మార్షలయ్యెను. ఆ యేడే పాత బ్రిసాక్‌ను ముట్టడించి, పూర్వము తాను బలపరచిన కోటను తానే రెండు వారములలో గెలిచెను! క్రొత్త కోటకు అసలు పరీక్ష మాత్రము 1870లో వచ్చెను. జర్మను ఫిరంగుల ధాటికి ఊరు దగ్ధమై, నవంబరులో లొంగిపోయెను.

కోటల పనిపై దేశమంతయు తిరిగిన ఆతడు గోడలను మాత్రమే చూడలేదు. ఆ గోడలకు వెల చెల్లించు రైతులనుకూడ చూచెను. తన సీమయైన వెజిలే ప్రాంతమున జనమును, పశువులను, భూములను లెక్కించి 1696లో నివేదిక వ్రాసెను. ప్రజలలో పదవ వంతు బిచ్చమెత్తు స్థితికి దిగిరని ఆతని అంచనా. ప్రభువులు, మతాచార్యులు పన్ను తప్పించుకొనుచుండ భారమంతయు పేదలపై పడుచుండెను. ఎవరికిని మినహాయింపు లేక, ఆదాయములో పదవ వంతుకు మించని పన్ను విధింపవలెనని వాదించుచు ఒక గ్రంథము రచించి, 1707లో అనుమతి లేకయే ముద్రింపించెను. రాజసభ దానిని నిషేధించెను. యాభై యేండ్లకు పైగా రాజును సేవించిన ఆ వృద్ధుడు ఆ మార్చి 30వ తేదీన పారిస్‌లో కన్నుమూసెను.

1808లో నెపోలియన్ ఆతని హృదయమును తెప్పించి పారిస్‌లోని ఇన్వాలిడ్ చర్చిలో ఉంచెను. ప్రభువుల పన్ను మినహాయింపులు అప్పటికి 19 ఏండ్ల క్రిందటనే, 1789 విప్లవములో, రద్దయి యుండెను.