అడిగి నేర్చుకున్న కాటన్ దొర

పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో మన విచారణలలో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ముచ్చట. ఒక ఇంట్లో కొడుకు తెలివైనవాడని పొంగిపోతుంటారు. పక్క ఇంట్లో తమవాడి బుర్రలో ఏమీ లేదని తల పట్టుకుంటారు. ఆ రెండో ఇంటి పిల్లవాడు పొద్దు గూకేదాకా చెరకు తోట గట్టున కూర్చుని ఇంటికి రావడానికి జంకుతాడు. కొందరు పిల్లలు ఆ జంకులోనే ప్రాణాలు తీసుకుంటున్న కాలమిది. కనుక తెలివి అనే మాటను మనం కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంది.

పునీత తోమాస్ అక్వినాస్ చదువుకునే రోజుల్లో ఎక్కువ మాట్లాడేవారు కారు. తోటి విద్యార్థులు ఆయనను మందబుద్ధి అనుకుని మూగ ఎద్దు అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో ఆ మహాపండితుడే వివేకమనే సుగుణాన్ని వివరిస్తూ, దాని అంగాలలో రెండింటిని ఇలా చెప్పారు. మొదటిది, జరిగినదాన్ని ఉన్నదున్నట్టు గుర్తుంచుకోవడం. రెండవది, ఇతరులు నేర్పితే నేర్చుకునే మనస్సు. ఎంతటి మేధావి అయినా అన్నీ తనంతట తాను తెలుసుకోలేడని, ముఖ్యంగా అనుభవజ్ఞులైన పెద్దల దగ్గర నేర్చుకోవాలని ఆయన అభిప్రాయం. లెక్కలు త్వరగా చేయడం, పాఠం అప్పగించడం ఈ రెండింటిలోకీ రావు. సొలోమోను రాజు దేవుణ్ణి వివేకం కోరినప్పుడు, హెబ్రీ మూలం ప్రకారం ఆయన అడిగింది కూడా వినే హృదయాన్నే.

ఈ గుణం ఉన్నచోట ఏమవుతుందో, తగ్గినచోట ఏమవుతుందో ఒకే మనిషి జీవితంలో చూడవచ్చు. ఆయన సర్ ఆర్థర్ కాటన్. మన కోటగిరి, బోధన్ ప్రాంతంలో సాగునీరు అనగానే నిజాంసాగర్, దాన్ని నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ గుర్తుకు రావడం న్యాయమే. 1923 నుండి 1931 వరకు మంజీరపై ఆ పని జరిగింది. కాని మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి సముద్రాన్ని చేరేముందు ధవళేశ్వరం వద్ద దానికి అడ్డుకట్ట వేసినవారు కాటన్. ఆయన మన శ్రీసభకు చెందినవారు కారు, ఆంగ్లికన్. అయినా దైవభక్తి గల మనిషి.

కాటన్ 1803లో ఇంగ్లండులో, పిల్లలు చాలామంది ఉన్న ఇంట్లో పుట్టారు. పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరై, 1821లో మద్రాసు వచ్చారు. కొన్నేళ్లకు కావేరి నది పని అప్పగించారు. అక్కడ ఒక చిక్కు ఉంది. కావేరి నీరు నానాటికీ పక్కనున్న కొల్లడం పాయలోకి తరలిపోతూ, తంజావూరు పొలాలు ఎండుతున్నాయి. నదిలో ఎంత తవ్వినా ఇసుకే, రాతి నేల తగలదు. అలాంటిచోట గట్టి కట్టడం ఎలా నిలుస్తుంది? ఆయన చదివిన చదువులో దీనికి జవాబు లేదు.

జవాబు నదిలోనే ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట శతాబ్దాలుగా ఆ ఇసుక మీదే నిలిచి ఉంది. పాలకులుగా వచ్చిన దొరలు అటువంటి కట్టడాలకు మరమ్మతు కూడా చేయించకుండా వదిలేశారు. కాటన్ దాన్ని పరిశీలించారు. పునాది పద్ధతిని అర్థం చేసుకున్నారు. 1836లో కొల్లడం మీద రెండు ఆనకట్టలు కట్టించారు. చాలా ఏళ్ల తరువాత, 1874లో, ఇసుకలో పునాది నిలపడం తాము ఈ దేశపు పాతకాలం పనివారి నుండే నేర్చుకున్నామని, తమ విజయానికి ఆ నేర్పే కారణమని ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఏలుబడిలో ఉన్న జాతివాడు ఏలబడే జాతికి శిష్యుణ్ణని చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నా మట్టుకు నాకు ఆయన ఆనకట్టల కంటే ఈ ఒప్పుకోలే పెద్దదిగా కనిపిస్తుంది.

అయితే కొల్లడం ఆనకట్టతో కొత్త ఇబ్బంది వచ్చింది. కావేరిలోకి నీటి ఉద్ధృతి ఎక్కువై నది అడుగు కోసుకుపోసాగింది. 1840లలో ఎగువ ఆనకట్ట మధ్యభాగం ఎత్తు తగ్గించవలసి వచ్చింది. కావేరి మొదట్లో కూడా అడ్డుగోడ కట్టవలసి వచ్చింది. అంటే పనిలో లోపం ఉంది. పొలాలకు నీరు వచ్చిందన్నదీ నిజమే. నదికి అడ్డంగా గోడ కడితే సరిపోదు, అది ఇసుకను, వేగాన్ని ఏం చేస్తుందో చూడాలన్న పాఠం అక్కడ దొరికింది.

ఆ పాఠం చేతిలో ఉండగానే గోదావరి పిలుపు వచ్చింది. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను శ్మశానం చేసింది. 1839 తుపాను కోరంగి తీరాన్ని ముంచింది. పక్కన అంత నది పారుతుండగా జనం ఆకలితో చావడమేమిటని కాటన్ బాధపడ్డారు. 1844లో ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలైంది. నది నాలుగు పాయలుగా ఉన్నచోట, మధ్య లంకలను కలుపుకుంటూ, సుమారు 12 వేల అడుగుల కట్టడం. ఇసుకలో చిన్న చిన్న బావులు దింపి వాటిపై గోడ లేపారు. దిగువన కొండరాయి పరిచారు. కాలువల తలుపుల పక్కనే ఇసుకను కిందికి తోసివేసే తూములు పెట్టారు. వేలాది కూలీలను సమకూర్చి పని నడపడంలో వీణం వీరన్న అనే తెలుగు అధికారి ఆయనకు కుడిభుజంగా నిలిచారు. మధ్యలో జబ్బుపడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చినా పని ఆగలేదు. 1852లో పూర్తయింది. నేడు గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి వచ్చింది, దానికీ ఆయన పేరే.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే కాటన్‌ను పునీతుణ్ణి చేసినట్టవుతుంది. ఆయన కథలో ఇంకో అధ్యాయం ఉంది. విజయం తరువాత దేశమంతా పడవల కాలువలు తవ్వాలని, రైళ్లకు పెట్టే సొమ్ము వీటికి పెట్టాలని ఆయన పట్టుబట్టారు. ఆయన ప్రోత్సాహంతో ఒక కంపెనీ కర్నూలు, కడప కాలువ తవ్వింది. ఖర్చు అంచనాలను మించిపోయింది. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతు మామూలు సంవత్సరాలలో ఆ నీటికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. నీరు ఉంటే చాలు, రైతు వస్తాడన్నది అంచనా. రైతును మాత్రం ఎవరూ లెక్కలో పెట్టలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది. ధవళేశ్వరానికి ఎగువన, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం వైపు గోదావరిలో పడవలు నడిపే పథకాన్ని 1871లో వదిలేశారు. 1878లో ఇంగ్లండు పార్లమెంటు సంఘం ముందు, డెబ్బై అయిదేళ్ల వయసులో, ఆయన తన వాదనను గట్టిగా వినిపించారు. సంఘం ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు.

న్యాయంగా చెప్పాలంటే 1876-78 మహాకరువులో కాలువల విలువ ఏమిటో అందరికీ తెలిసింది. రైళ్లు ఉన్నా లక్షలమంది చనిపోయారు. కనుక ఆయన పూర్తిగా పొరబడ్డారని అనలేము. కాని కావేరి ఇసుకలో పాతవారి పనిని వంగి చూసిన ఆ యువకుడికీ, తన లెక్కే సరైనదని నిలబడిన ఈ పెద్దమనిషికీ మధ్య తేడా ఉంది. మేధస్సు తగ్గలేదు, వినే చెవి తగ్గింది. పేరు వచ్చిన తరువాత ఎదుటివాడి మాట వినడం కష్టం. ఇంటి యజమానులకు, ఉపాధ్యాయులకు, మాబోటి గురువులకు కూడా ఇది తెలిసిన చిక్కే. పిల్లవాడు పొరపాటు చేసినప్పుడు ఎందుకు జరిగిందని అడగకుండానే మనం తీర్పు చెప్పేస్తాము. అలా తీర్పు విన్న పిల్లవాడు మరుసటిసారి పొరపాటును దాచిపెడతాడు.

కాటన్ చివరి రోజులు డోర్కింగ్ పట్టణంలో గడిచాయి. అక్కడ ఆ ముసలి ఇంజనీరు నేలను లోతుగా తవ్వితే గోధుమ ఎంత ఎక్కువ పండుతుందో చూస్తూ సేద్యపు ప్రయోగాలు చేశారు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.